పెపే మావయ్య పీపా

బ్రిస్టల్లో డాక్టరుగా ఉన్న నా క్లాస్‌మేటు ఇంటికి మొదటిసారి వెళ్లింది ఎనిమిదేళ్ల కిందట. భోజనానికి ముందు వాడు రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ షెర్రీలే. ఒకటి ఎండుగడ్డి రంగులో, నీళ్లంత పల్చగా ఉంది. రెండోది ముదురు బెల్లంపాకం. "ఏది పొయ్యమంటావురా?" అన్నాడు. నాకు రెండిట్లో దేని సంగతీ తెలీదు. తెలిసినవాళ్లు డ్రై తాగుతారని మాత్రం ఎక్కడో విన్నాను. "నాకెప్పుడూ డ్రైయే" అన్నాను, ఊహ తెలిసినప్పటి నుంచీ అదే తాగుతున్నట్టు.

ఒక గుక్క వేశాను. పులిసిన దోసెపిండి తేటలో ఎవరో చిటికెడు ఉప్పు కలిపినట్టుంది. బాదంపప్పు తొక్క తాలూకు చిరుచేదు చివర్లో. "అద్భుతం" అన్నాను. వాడి భార్య మాత్రం, "నాకు ఆ తియ్యటిదే పొయ్యండి. ఆ డ్రైది తాగితే నా మొహం అష్టవంకర్లు పోతుంది" అని, నాకేసి ఒకసారి చూసి, "మీదీ పోయింది అన్నయ్యగారూ" అని నవ్వింది.

ఆ సాయంత్రం నా గ్లాసులోది ఎలా ఖాళీ అయిందో వాళ్ల కిటికీ దగ్గరున్న మనీప్లాంటుకి తెలుసు.

తియ్యటి వైన్ తాగేవాళ్లంటే ఒక చిన్నచూపు ఉంది. ఇంగ్లండులో తియ్యటి షెర్రీ అంటే క్రిస్మస్‌కి ముసలమ్మలు తాగేది. రుచి ముదిరేకొద్దీ మనిషి తీపి నుంచి డ్రైకి ఎదుగుతాడని, అక్కడికి చేరనివాడు ఇంకా ఎదగలేదని ఒక నమ్మకం. హైదరాబాదులో, డాలస్‌లో, లండన్‌లో కొత్తగా వైన్ మొదలుపెట్టిన మనవాళ్లకి ఈ నమ్మకం సీసాతో పాటే అంటుకుంటోంది. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది ఒకటే: ఆ మెట్లు ఎవరో కట్టినవి, మీ నాలుక వాటిని ఎక్కనక్కర్లేదు. మీ ఇష్టమేదో మీరే కనుక్కోవచ్చు, దానికో పద్ధతుంది. అసలు తాగనివాళ్లు ఈ అధ్యాయం దాటేసి వెళ్లిపోండి. తాగకపోవడమూ ఒక ఇష్టమే, పైగా దాన్ని ఎవరికీ రుజువు చేయక్కర్లేదు.

డ్రై అంటే ఏమిటి

మనకి ఆరు రుచులున్నాయి గానీ డ్రై అన్నదానికి పేరు లేదు. పొడి కాదు, వగరు కాదు, చేదూ కాదు. చక్కెర మిగల్లేదని చెప్పడం, అంతే. తాటిచెట్టు కింద కూర్చున్నవాడికి దీన్ని విడమరిచి చెప్పే పని లేదు. తెల్లారగట్ల దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. లోపలి ఈస్టు చక్కెరని తింటూ ఆల్కహాలు చేస్తూ పోతుంది. ఊళ్లో ఒకడికి పొద్దుటిది కావాలి, ఇంకొకడికి సాయంత్రపుది కావాలి. పొద్దుటి కల్లు తాగేవాణ్ని "వాడింకా ఎదగలేదు" అనడం నేనెప్పుడూ వినలేదు.

ద్రాక్షరసానిదీ అదే కథ. అందులో ద్రాక్ష నుంచే తీసిన స్పిరిట్ కలిపి బలం పెంచితే అది ఫార్టిఫైడ్ వైన్. తీపా కాదా అన్నది ఎక్కువగా ఆ స్పిరిట్ ఎప్పుడు పోశారన్నదాన్ని బట్టి ఉంటుంది. పోర్చుగల్‌లోని డౌరో లోయలో తెల్ల పోర్ట్ చేసేవాళ్లు రసం ఇంకా పులుస్తుండగానే 77 శాతం స్పిరిట్ పోసేస్తారు. ఈస్టు చచ్చిపోతుంది, అది తినగా మిగిలిన చక్కెర వైన్‌లో ఉండిపోతుంది. స్పెయిన్ దక్షిణాన హెరెస్‌లో షెర్రీ చేసేవాళ్లు తొందరపడరు. ఈస్టుని చివరిదాకా తిననిచ్చి, చక్కెరంతా అయిపోయాక పోస్తారు.

హెరెస్‌లో ఆ పోయడంలోనూ ఒక కిటుకుంది. బలం 15 శాతం దగ్గర ఆపితే వైన్ మీద తెల్లటి ఈస్టు పొర కడుతుంది. తరవాణి కుండలోకి తొంగిచూసినవాళ్లకి అలాంటి పొర కొత్త కాదు. స్పెయిన్‌వాళ్లు దాన్ని ఫ్లోర్ అంటారు, అంటే పువ్వు. అది ఊపిరాడుతూ బతకాలని 600 లీటర్ల పీపాలో 500 లీటర్లే పోసి పైన ఖాళీ వదులుతారు. ఆ పువ్వు వైన్‌కి గాలి తగలకుండా కాస్తుంది, కాస్తూ కాస్తూ అందులోని గ్లిసరాల్‌ని కూడా తినేస్తుంది. అలా పెరిగిందే ఫీనో. అందుకే అది నాలుక మీద అంత పల్చగా, ఆసరా లేనట్టు జారిపోతుంది. సముద్రపు ఒడ్డున సాన్లూకార్ దె బర్రమేదాలో ఇలా పెరిగితే అదే మంజనీయా. బలం 17 శాతానికి పెంచితే పువ్వు బతకదు. గాలి తగిలి రంగు ముదిరి ఒలొరోసో అవుతుంది. ముదురు రంగు చూసి తీపి అనుకుంటాం గానీ అదీ డ్రైయే.

మరి తీపి షెర్రీ ఎక్కణ్నుంచి వచ్చింది? పెద్రో హిమేనెస్ అనే ద్రాక్షని కోసి, ఎండలో పరిచి, కిస్‌మిస్ అయ్యేదాకా ఎండబెట్టి పిండుతారు. ఆ రసంతో చేసింది తారులా నల్లగా, ఖర్జూరం పాకంలా చిక్కగా ఉంటుంది. అదీ తెల్లద్రాక్షే అంటే ఎవరూ నమ్మరు. ఒలొరోసోలో ఇలాంటి తీపి వైన్ కలిపింది క్రీమ్ షెర్రీ. ఆ సాయంత్రం మా చెల్లెమ్మ, అంటే నా క్లాస్‌మేటు భార్య, తాగింది అదే.

పీపా అన్నాను కదా, ఆ మాట మనకి పోర్చుగీసువాళ్లు ఇచ్చింది. డౌరోలో ఇప్పటికీ పోర్ట్‌ని పీపాల్లోనే లెక్కేస్తారు, ఒక పీపా 550 లీటర్లు. మాట మన ఊళ్లలో కిరసనాయిలు పీపా దాకా దిగింది గానీ అందులోని సరుకు దిగలేదు. మన వీధుల్లో "వైన్స్" అని బోర్డున్న కొట్లో వైన్ అడిగితే కొట్టువాడు మనల్ని తేరిపార చూస్తాడు.

మావయ్య ఇష్టం

1835లో హెరెస్‌లో మాన్యువల్ మరియా గొన్సాలెస్ అంహెల్ అనే ఇరవైల్లో ఉన్న కుర్రాడు షెర్రీ వ్యాపారం మొదలుపెట్టాడు. అతనికి వైన్ సంగతి పెద్దగా తెలీదు. తెలిసింది మేనమామకి. ఆయన పేరు హోసే. హోసే అన్న పేరుని స్పెయిన్‌లో ముద్దుగా పెపే అంటారు, మావయ్యని తీయో అంటారు. ఆ రోజుల్లో షెర్రీ కొనే మారాజులు ఇంగ్లండువాళ్లు, వాళ్లకి కావలసింది ముదురు రంగుది, చిక్కటిది, తియ్యటిది. వ్యాపారమంతా అటు నడుస్తుంటే పెపే మావయ్య మాత్రం లేత రంగులో, పల్చగా, చక్కెర లేకుండా ఉన్నదే కావాలనేవాడు. మేనల్లుడు ఆయన కోసం కొన్ని పీపాలు వేరే పెట్టించి, ఒక పీపా మీద "తీయో పెపే" అని రాయించాడని ఆ ఇంటి కథ. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన ఫీనో సీసా మీద ఉన్నది ఆ పేరే.

ఈ కథ చెప్పి, చూశారా, చివరికి డ్రైయే గెలిచింది అనేవాళ్లున్నారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఫ్యాషన్ తీపి. పెపే మావయ్య ఫ్యాషన్‌ని పట్టించుకోలేదు. ఇవాళ ఫ్యాషన్ డ్రై. ఇప్పుడు ఆయన వారసులెవరయ్యా అంటే బల్ల చుట్టూ అందరూ ఫీనో పట్టుకుని కూర్చున్నప్పుడు "నాకు ఆ తియ్యటిదే పొయ్యండి" అన్న మా చెల్లెమ్మే.

చున్నీ పరీక్ష

మరుసటేడు మళ్లీ బ్రిస్టల్ వెళ్లాను. ఈసారి మా క్లాస్‌మేటు వంటింట్లోంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చాడు. వాళ్లమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. వాళ్లమ్మ చున్నీ తెచ్చి నా కళ్లకి గట్టిగా కట్టింది. "మావయ్యా, చీటింగ్ చెయ్యకు" అని వేలితో ముక్కు దగ్గర సందు కూడా మూసింది.

మొదటి గ్లాసు పెదవికి తగలగానే తరవాణి. పట్టేశాను. మూడోది పాకం, అందులో అనుమానం లేదు. రెండోదాని దగ్గర ఆగిపోయాను. నిమ్మతొక్క గిల్లితే వచ్చే వాసన, వెనక ఎండు ఆప్రికాట్, దిగాక గొంతులో ఒక వెచ్చదనం. ఇంకో గుక్క అడిగి వేశాను. "ఇదిరా డ్రై అంటే! అసలైన డ్రై ఇది" అన్నాను.

చున్నీ విప్పితే తెల్ల పోర్ట్. సీసా మీద "సెకో" అని ఉంది, పోర్చుగీసులో డ్రై అని అర్థం. గెలిచానని బల్ల మీద కొట్టాను. వాడు నవ్వుకుంటూ ఒక కాగితం తెచ్చి లెక్క రాశాడు. ఆ లెక్క మీరూ చూడండి, సీసా కొనేముందు పనికొస్తుంది.

హెరెస్‌లో ఫీనో అనిపించుకోవాలంటే లీటరుకి చక్కెర 5 గ్రాముల లోపే ఉండాలి. 90 మిల్లీలీటర్ల గ్లాసులో అర గ్రాము కూడా ఉండదన్నమాట. డౌరోలో తెల్ల పోర్ట్‌కి వేరే కొలత. అక్కడ సెకో అంటే లీటరుకి 40 నుంచి 65 గ్రాములు. మన గ్లాసులోకి సుమారు ఒక టీస్పూను పంచదార. 40 లోపుంటే "ఎక్స్‌ట్రా సెకో". 85 దాటితే తీపి, 130 దాటితే "లాగ్రిమా", అంటే కన్నీటిబొట్టు. క్రీమ్ షెర్రీలో 115 నుంచి 140, గ్లాసుకి రెండు మూడు టీస్పూన్లు. పెద్రో హిమేనెస్‌లో కనీసం 212 ఉండాలి. కోలా డ్రింకుల్లో ఉండేదానికి ఇది రెండింతలు.

అంటే పోర్చుగల్ డ్రైలో టీస్పూను పంచదార ఉంటే, స్పెయిన్ డ్రైలో ఏమీ లేదు. ఒకే మాట, రెండు దేశాలు, రెండు కొలతలు. "నాకెప్పుడూ డ్రైయే" అన్న నేను చక్కెర వేసిన టీ తాగుతూ చక్కెర లేని టీ తాగుతున్నానని చెప్పుకుంటున్నాను. రంగుదీ అంతే. పేల్ క్రీమ్ అని ఒక షెర్రీ ఉంది, చూపుకి అచ్చం ఫీనో, లీటరుకి 45 నుంచి 115 గ్రాముల తీపి. కాబట్టి మొదటి పని: సీసా మీది మాటనీ, గ్లాసులోని రంగునీ నమ్మకండి. ఇంట్లో ఎవరిచేతైనా కళ్లకి గుడ్డ కట్టించుకోండి.

నాలుకకి న్యాయం

"డ్రై నాకు పడదు" అనేవాళ్లలో చాలామంది తాగింది చచ్చిపోయిన ఫీనో. ఎవరో ఎయిర్‌పోర్టులో కొనుక్కొచ్చి, ఒక పండక్కి మూత తీసి, మిగిలింది షోకేసులో బొమ్మల పక్కన పెట్టింది. ఏడాది తర్వాత మనం వెళితే మనకి పోస్తారు. పీపాలో పువ్వు ఎంత కాపాడిందో సీసా మూత తీశాక ఫీనో అంత త్వరగా పాడైపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తాగెయ్యాలి. చక్కెరా ఆల్కహాలూ ఎక్కువున్నవి అలా కాదు. పెద్రో హిమేనెస్ నెలల తరబడి ఉంటుంది. మదీరా అనే వైన్ అయితే చేసేటప్పుడే వేడికీ గాలికీ రాటుదేలిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మీరు కొత్తగా పాడుచేసేది ఏమీ లేదు.

మదీరా పేరెత్తాను గనక ఒక ముక్క. అదే పేరున్న దీవి నుంచి పీపాలు ఓడల్లో ఇండియా దాకా వచ్చేవి. ఉష్ణమండలపు వేడికి ఓడ అడుగున ఉడికీ ఉడికీ వైన్ బాగుపడిందని కనిపెట్టి, కొన్నింటిని వట్టి ప్రయాణం కోసమే పంపి వెనక్కి తెప్పించుకునేవాళ్లు. మద్రాసు కోటలో కంపెనీ దొరల బల్ల మీద ఉండేదీ అదే. అందులో సెర్సియల్ అనేది డ్రై అని పేరు. నిజానికి దాంట్లోనూ చక్కెర ఉంటుంది, పులుపు దాన్ని పైకి రానివ్వదు. రెండు చెంచాల పంచదార వేసిన నిమ్మకాయ షర్బత్ తియ్యగా ఉందని ఎవరంటారు? పులుపు ఇష్టపడే ఆంధ్రా నాలుకకి ఇదే సరైన తలుపని నా అభిప్రాయం. ఫీనోతో మొదలుపెట్టి బెదిరిపోయేకన్నా ఇటు నుంచి రావడం మేలు.

చల్లదనం తీపిని అణుస్తుంది. అనుమానముంటే కరిగిపోయిన ఐస్‌క్రీమ్ నాకి చూడండి, గడ్డగా ఉన్నప్పుడు తెలియని తీపంతా బయటపడుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్ షెర్రీ తాగగలిగినవాళ్లు మే నెల విజయవాడలో బల్ల మీద పెట్టింది తాగలేరు. ఫీనోని 7, 8 డిగ్రీల్లో తాగాలి. రెండింటినీ పోల్చేటప్పుడు రెండూ ఒకే చల్లదనంలో ఉండేట్టు చూసుకోండి. లేకపోతే మీరు పోలుస్తున్నది ఫ్రిజ్‌ని.

ఇక తిండి. ఇది మనవాళ్లు మరీ పట్టించుకోని విషయం. ఆల్కహాలు కారం మంటని ఎగదోస్తుంది, చక్కెర దాన్ని ఆర్పుతుంది. గుంటూరు మిరపకాయ బజ్జీ నముల్తూ ఫీనో తాగితే నోరు భగ్గుమంటుంది, క్రీమ్ షెర్రీ తాగితే హాయిగా ఉంటుంది. అప్పుడు మీకు తీపి ఇష్టమని తేలలేదు, బజ్జీకి తీపి కావాలని తేలింది. ముందు ఏ తిండీ లేకుండా ఒక్కోటి 30 మిల్లీలీటర్లు రుచి చూడండి. తర్వాత ఉప్పగా, కారం లేకుండా ఉండేది ఏదైనా పెట్టుకోండి: వేయించిన జీడిపప్పు, చేగోడీలు, ఉప్పూ పసుపూ మాత్రమే వేసిన చేపముక్క. సాన్లూకార్‌లో మంజనీయా తాగేది రొయ్యలతోనే.

నాలుకలన్నీ ఒకటి కావన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రాప్ అనే రసాయనం కొందరికి భరించలేనంత చేదు, కొందరికి వట్టి నీళ్లు. ఆ మొదటి రకంవాళ్లని లిండా బార్టషుక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సూపర్ టేస్టర్లు అన్నారు. ఆల్కహాలు మంట కూడా వాళ్లకి ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి ఫీనోకి మొహం చిట్లించినవాళ్లకి రుచి తెలీదనడం తలకిందుల మాట, బహుశా మనకన్నా ఎక్కువే తెలుస్తోందేమో.

అలాగని మొదటి గుక్కనే తీర్పు రాసెయ్యకండి. కాకరకాయ మీకు ఏ వయసులో నచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోండి. వారానికొకసారి చొప్పున మూడు వారాలు, ప్రతిసారీ 30 మిల్లీలీటర్లే. ఒక కాగితం మీద మీ మాటల్లోనే రాసుకోండి. వైన్ పుస్తకాల్లో "వికసించిన ఆపిల్ పూల పరిమళం" అని ఉంటుంది. మనం ఆపిల్ పూలు ఎక్కడ చూశాం! తరవాణి, దోసెపిండి, తాటిబెల్లం, పనసతొన, కొత్త కుండలో నీళ్లు అని రాయండి. నా కాగితంలో ఫీనో ఎదురుగా మొదటి వారం "తరవాణి, వద్దు" అని ఉంది. రెండో వారం "తరవాణి". మూడో వారం, చేపముక్కతో, "ఇంకొంచెం". మా చెల్లెమ్మ కాగితం మూడు వారాలూ "వద్దు", "వద్దు", "నెత్తళ్ల వేపుడుతో అయితే సరే". తర్వాత మళ్లీ తన క్రీమ్ దగ్గరికి వెళ్లిపోయింది. రెండూ సరైన జవాబులే.

రెండూ కలిపి తాగినా నేరం కాదు. ఏప్రిల్ తిరునాళ్లలో సెవిల్ ఊరంతా తాగే రెబుహీతో ఏమిటనుకున్నారు? డ్రై మంజనీయాలోనో ఫీనోలోనో తియ్యటి నిమ్మసోడా పోసిందే. డ్రైకి పుట్టినిల్లు అనుకునే గడ్డ మీద జనం పండగపూట చేసే పని అది. తెల్ల పోర్ట్‌లో టానిక్, ఐసు, పుదీనా వేసుకోవడం పోర్చుగల్‌లో మామూలే. పెద్రో హిమేనెస్‌ని వెనీలా ఐస్‌క్రీమ్ మీద పోసుకుంటారు. అది తాగడమా తినడమా అని ఎవరూ అడగరు.

మన ఇళ్ల గురించి ఒక హెచ్చరిక. "డ్రైయే కదా, షుగరున్నా ఫరవాలేదు" అనే మాట నేను కనీసం నలుగురి నోట విన్నాను. చక్కెర లేకపోవచ్చు, 15 శాతం ఆల్కహాలు ఉంది. 90 మిల్లీలీటర్ల ఫీనో ఒక చిన్న పెగ్గు విస్కీకి కొంచెం ఎక్కువే. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి ఆల్కహాలు చక్కెరని ఉన్నట్టుండి పడగొడుతుంది. అడగాల్సింది డాక్టర్ని, సీసాని కాదు.

పోయిన వేసవిలో మళ్లీ బ్రిస్టల్ వెళ్లాను. వాళ్లమ్మాయి నాకన్నా ఎత్తయింది, ఆదివారాలు తెలుగు క్లాసుకి వెళ్తోందట. సాయంత్రం వాడు ఫ్రిజ్ తెరిచి "ఏది పొయ్యమంటావురా" అని అడగలేదు. తలుపు అరలో మూడు సీసాలున్నాయి. ఫీనో మీద ఏమీ లేదు. క్రీమ్ మీద తెల్ల టేపు, "అమ్మది" అని. తెల్ల పోర్ట్ మీద ఇంకో టేపు, వంకర అక్షరాలతో, వ కింద ఒత్తు ఒకటి ఎక్కువ పడి: "మావ్వయ్యది".